కరెంటు కథ – 14: దారిలో ఉన్న లెక్క

నందిగామలో మోటారు వైండింగు కొట్టు ముందు బల్ల మీద కూర్చుంటే పొద్దు ఇట్టే పోతుంది. కాలిపోయిన ఐదు హార్స్‌పవర్ మోటారు విప్పి, మేస్త్రీ నల్లబడ్డ పాత తీగంతా లాగి పారేస్తాడు. స్లాటు స్లాటుకీ లెదరాయిడ్ కాగితం మడిచి పెడతాడు. కొత్త రాగి కాయిళ్లు దించి, పైన వెదురు బద్ద కొడతాడు. ఇంతవరకూ చూసేవాడికి అర్థమవుతుంది. ఆ తర్వాత రెండు పక్కలా బయటికి వచ్చిన తీగల గుత్తిని దారంతో, పూలదండ కట్టినంత ఓపికగా, మెలిక మెలికకీ బిగించి కడతాడు. ఆ కట్టు ఎందుకని అడిగాను.

"కట్టకపోతే ఊరుకోవండీ అవి. స్టార్టరు నొక్కంగానే తీగా తీగా లాక్కుంటాయి. ఆ ఒరిపిడికి పైపూత లేచిపోద్ది. ఇంకేముందీ, మళ్లీ షార్టు."

ఆంపియర్ అనే పేరు ఆయన మీటరు మీదే చూసి ఉంటాడు. ఆ పేరు గల మనిషి 1820లో పారిస్‌లో చూపించిన బలాన్నే ఈయన దారంతో కట్టేస్తున్నాడు. మోటారు కదిలే మొదటి క్షణాల్లో కరెంటు మామూలు కంటే ఐదారు రెట్లు లాగుతుంది. తీగల మధ్య బలం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది పాతిక, ముప్పై రెట్లవుతుంది. ఆ రెండు మూడు సెకన్ల కోసమే ఇంత అల్లిక.

పోయిన భాగంలో ఆయిర్‌స్టెడ్ దిక్సూచి ముల్లు దగ్గర ఆగాం. తీగలో కరెంటు పారితే పక్కనున్న ముల్లు పక్కకు తిరిగిందన్న కబురు 1820 సెప్టెంబరు 4న పారిస్ సైన్సు అకాడమీకి శాస్త్రజ్ఞుడు ఆరగో మోసుకొచ్చాడు. నమ్మనివాళ్ల కోసం 11న ప్రయోగం చేసి చూపించాడు. ఆ సభలో ఉన్నాడు ఆంద్రే మారీ ఆంపియర్, నలభై అయిదేళ్ల లెక్కల మేష్టారు. ఆయనకు పద్దెనిమిదేళ్లప్పుడు ఫ్రెంచి విప్లవంలో తండ్రి తల గిలటిన్ కింద తెగింది. దుఃఖం వచ్చినా ఆలోచన వచ్చినా అందులో పూర్తిగా మునిగిపోయే మనిషి. వారం తిరిగేసరికి 18న మొదటి వ్యాసం చదివాడు. 25న రెండు తీగల్లో కరెంటు పంపి చూపించాడు: కరెంటు రెండింటిలో ఒకే వైపు పారితే దగ్గరకు లాక్కుంటాయి, ఎదురెదురుగా పారితే తోసుకుంటాయి. అయస్కాంతం లేదు, ఇనుము లేదు. ఉన్నవి రెండు రాగి తీగలే.

ఈ బలం చాలా చిన్నది. మీటరు ఎడంగా ఉన్న రెండు పొడవాటి తీగల్లో ఒక్కో ఆంపియర్ పారితే, మీటరు పొడవుకు వచ్చే బలం న్యూటన్‌లో కోటి వంతులకు రెండు వంతులు. మిరప గింజ బరువులో రెండు మూడు వందల వంతనుకోండి. 1948 నుంచి 2019 మే 20 దాకా ఆంపియర్‌కు నిర్వచనం ఇదే, తీగ తీగను ఎంత లాగుతుందన్నదే. పెద్ద టవర్ల లైన్లలో మాత్రం దీన్ని చిన్నది అనలేం. చాలా 400 కిలోవోల్టుల లైన్లలో ఒక్కో ఫేజుకు తీగలు జంటగా వెళతాయి. ఆ రెంటి మధ్య అక్కడక్కడా అడ్డంగా చిన్న లోహపు బద్దలు కనబడతాయి. నలభై అయిదు సెంటీమీటర్ల ఎడంలో ఉన్న ఆ జంట తీగల్లో, ఎక్కడో షార్టు పడి పదేసి వేల ఆంపియర్లు పారాయనుకోండి, మీటరుకు నాలుగున్నర కిలోల బరువుతో ఒకదాన్నొకటి లాక్కుంటాయి. టవరుకీ టవరుకీ మధ్య వందల మీటర్ల తీగ! అక్కడ దారం పని ఆ బద్దలు చేస్తాయి.

ఈ బలానికి సూత్రం రాయడానికి ఆంపియర్‌కు ఆరేళ్లు పట్టింది. తీగను చిన్న చిన్న ముక్కలుగా ఊహించి, ముక్కకూ ముక్కకూ మధ్య బలం ఎంతో లెక్కగట్టాడు. న్యూటన్ చెప్పిన మూడో నియమం ఆయనకు వేదం. నువ్వు గోడను ఎంత నెడితే గోడ నిన్ను అంతే నెడుతుంది, అదీ సరిగ్గా ఎదురు దిక్కులో. కనుక ఏ రెండు ముక్కలు తీసుకున్నా వాటిని కలిపే గీత వెంబడే బలం ఉండాలనీ, చర్య ప్రతిచర్యలు సమానంగా ఉండాలనీ ముందే తీర్మానించుకుని సూత్రం కట్టాడు. అది ప్రయోగాలతో సరిపోయింది.

1845లో స్టెట్టిన్ ఊరి బడిపంతులు ఒకడు మరో సూత్రం ప్రకటించాడు. పేరు హెర్మన్ గ్రాస్‌మాన్. ఆ ఊరు అప్పుడు ప్రష్యాలో ఉండేది, ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఆంపియర్ సూత్రం చూడ్డానికి బాగాలేదని ఈయన అభ్యంతరం. ఈయన రాసిందానిలో ఒక చిక్కుంది. రెండు తీగ ముక్కలను విడిగా తీసుకుంటే, ఒకటి రెండోదాన్ని నెట్టినంతగా రెండోది మొదటిదాన్ని నెట్టదు. మూడో నియమం నిలబడదు! అయినా ప్రయోగాలతో ఇదీ సరిపోయింది. తీగ చుట్టూ తిరిగి మొదలు దగ్గరికి వచ్చి కలిస్తేనే కరెంటు నిలకడగా పారుతుంది. అలా మూసుకున్న చుట్టు మొత్తానికి లెక్క కడితే, ముక్క ముక్క దగ్గరా వచ్చిన తేడాలన్నీ ఒకదానికొకటి కొట్టేసుకుని రెండు సూత్రాలూ ఒకే జవాబిస్తాయి. మన మేస్త్రీ ఏ సూత్రం నమ్మి కట్టినా దారం అన్నే చుట్లు పడుతుంది.

గ్రాస్‌మాన్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన లెక్కల పుస్తకాలను ఆ కాలంలో చదివినవాళ్లు చాలా తక్కువ. విసిగిపోయి సంస్కృతం వైపు తిరిగాడు. 1870లలో ఋగ్వేదానికి పదకోశం తయారుచేశాడు, ఋగ్వేదం మొత్తాన్ని జర్మన్ పద్యాల్లోకి దించాడు. ఆ పదకోశాన్ని వేద పండితులు ఇప్పటికీ తిరగేస్తూనే ఉన్నారు. మన ఇంటర్మీడియట్ పుస్తకంలో ఉన్న తీగల బలం లెక్క సారంలో గ్రాస్‌మాన్‌దే. పాఠంలో ఆయన పేరు మాత్రం కనబడదు.

మధ్యలో జర్మన్ శాస్త్రజ్ఞుడు వెబర్ వచ్చాడు. 1846లో ఆయన కరెంటును కదిలే విద్యుదావేశాల గుంపుగా చూసి, వాటి మధ్య వేగాన్ని బట్టి మారే బలానికి మూడో నియమం చెడని సూత్రం రాశాడు. దాని చుట్టూ జర్మనీలో ఏళ్ల తరబడి వాగ్వాదం నడిచింది. ఆ తగువంతా ఇక్కడ విప్పను. మనకు అక్కర్లేదు కూడా. 1856లో ఆయన, కోల్‌రౌష్ కలిసి కొలిచిన ఒక సంఖ్య కాంతి వేగానికి చాలా దగ్గరగా వచ్చిందని మాత్రం గుర్తుంచుకోండి. దాన్ని పట్టుకునే మాక్స్‌వెల్ కాంతి దాకా వెళ్లాడు.

అసలు ముడి తీగల్లో లేదు. తీగ వదిలి బయటకొచ్చిన ఆవేశాలతో వచ్చింది. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను చూపించాక, చుట్టు మూసుకోవాలన్న నియమం లేకుండా శూన్యంలో ఒంటరిగా పరుగెత్తే ఆవేశం కళ్ల ముందుకు వచ్చేసింది. తేడాలను కొట్టేయడానికి చుట్టు లేదిప్పుడు.

నందిగామ సెంటరులో నిలబడి ఆలోచిద్దాం. జగ్గయ్యపేట నుంచి వచ్చే పెద్ద రోడ్డు సరిగ్గా పడమర నుంచి తూర్పుకు ఉందనుకోండి. దాని మీద ఒక ధనావేశం సెంటరు వైపు వస్తోంది. దాన్ని లారీ అందాం. అదే క్షణాన రెండో ధనావేశం సరిగ్గా సెంటరులో ఉండి దక్షిణంగా చందర్లపాడు వైపు మళ్లుతోంది. దాన్ని ఆటో అందాం. రెండూ ధనావేశాలు కనుక తూర్పు పడమరలుగా తోసుకుంటాయి, అందులో పేచీ లేదు. పేచీ అంతా అయస్కాంత బలం దగ్గరే. కదిలే ఆవేశం తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అయితే తాను వెళ్లే దారికి సరిగ్గా ముందూ వెనకా మాత్రం పుట్టించదు. ఆటో లారీ దారికి సరిగ్గా ఎదురుగా ఉంది. కనుక లారీ నుంచి ఆటోకి అయస్కాంత బలం సున్నా. లారీ మాత్రం ఆటోకి పక్కన ఉంది, ఆటో క్షేత్రం అక్కడ గట్టిగానే ఉంటుంది. ఆ క్షేత్రంలో పరుగెత్తే లారీ ఉత్తరం వైపు నెట్టుడు తింటుంది. ఆటో దాన్ని నెట్టింది కానీ ఎదురు నెట్టుడు తినలేదు. న్యూటన్ పుస్తకం వచ్చిన 1687 నుంచీ ఎవరూ కదపని నియమం మన సెంటరులో బోల్తా పడింది.

అయితే మూడో నియమం తప్పా? జూనియర్ కాలేజీలో మొదటి ఏడాది చర్య ప్రతిచర్యలు చెబుతారు, రెండో ఏడాది కదిలే ఆవేశాల మీద బలం చెబుతారు. ఈ రెంటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగే తీరిక క్లాసులో ఎవరికీ దొరకదు. అడిగిన పిల్లవాడు దొరికితే వాణ్ణి వదులుకోకూడదని నా అభిప్రాయం.

ఈ ప్రశ్న డచ్చి శాస్త్రజ్ఞుడు లారెంజ్‌కు ఎదురైంది. పదార్థం వరకూ మూడో నియమం చెల్లకపోతే చెల్లకపోనీ అని 1895లో ఆయన ఒప్పేసుకున్నాడు. పారిస్‌లో గణితజ్ఞుడు ప్వాంకరేకు అది మింగుడు పడలేదు. లారెంజ్ డాక్టరేటు పొంది పాతికేళ్లు నిండిన సందర్భంగా 1900లో వేసిన సంచికకు, లారెంజ్ సిద్ధాంతం గురించీ ప్రతిచర్య నియమం గురించీ ఒక వ్యాసం పంపాడు. అభినందన సంచికలో అభ్యంతరం రాయడం మన వైపు మర్యాద కాదు గానీ, ఆయన రాశాడు. మూడో నియమం పోతే ద్రవ్యవేగం, అంటే వస్తువు ద్రవ్యరాశిని వేగంతో గుణించిన మొత్తం, దాని లెక్క పోతుంది. బయట నుంచి ఎవరూ ముట్టుకోని వస్తువుల గుంపు తనంతట తానే ఒక వైపు కదలడం మొదలుపెట్టొచ్చు. అలా జరగకుండా ఉండాలంటే విద్యుదయస్కాంత శక్తిని ఒక ఊహాద్రవంగా లెక్కించి, దానికీ ద్రవ్యవేగం ఉందనుకోవాలి. ఉందనుకుంటే ఎంతో కూడా ఆయన కట్టి చూపించాడు. కిలో బరువున్న యంత్రం ముప్పై లక్షల జౌళ్ల కాంతిని ఒకే వైపు వదిలితే ఫిరంగిలా వెనక్కి తన్నుకుంటుంది. ఆ వేగం సెకనుకు ఒక సెంటీమీటరు. మన కరెంటు బిల్లులో యూనిట్ అంటే ముప్పై ఆరు లక్షల జౌళ్లు. యూనిట్ కంటే తక్కువ కరెంటుకు అంత తాపు!

ఇది మన ఊళ్ల లెక్కలోకి తెస్తాను. పేట చుట్టూ ఉన్న సిమెంటు ఫ్యాక్టరీ ఒకదాని గేటు దగ్గర నాలుగు వందల బస్తాలు లారీకెక్కాయని రిజిస్టరులో రాశారు. అదే గంటకు విజయవాడ గోడౌన్‌లో రిజిస్టరు తీస్తే వచ్చిన బస్తాలు సున్నా. రెండు రిజిస్టర్లనే నమ్మేవాడు నాలుగు వందల బస్తాలు మాయమయ్యాయని కేకలేస్తాడు. లెక్క తెలిసిన గుమాస్తా కేకలేయడు. బస్తాలు కీసర టోల్‌గేటు దగ్గర వరసలో ఉన్నాయి. ఆయన రిజిస్టరులో మూడో కాలమ్ ఉంది: దారిలో ఉన్న సరుకు.

న్యూటన్ కాలంలో ఆ మూడో కాలమ్ అవసరం లేదనుకున్నారు. సూర్యుడు భూమిని లాగితే ఆ లాగుడు అదే క్షణంలో చేరుతుందని వాళ్ల లెక్క. పంపిన గంటా చేరిన గంటా ఒకటైతే దారిలో సరుకేముంటుంది? విద్యుదయస్కాంత బలం అలా కాదు, కాంతి వేగంతోనే ప్రయాణిస్తుంది. లారీ పొందిన ఉత్తరపు ద్రవ్యవేగానికి జమకట్టాల్సిన మొత్తం ఆటో ఖాతాలో కాదు, రెంటి మధ్య ఉన్న క్షేత్రం ఖాతాలో ఉంది. మూడింటినీ కలిపి కూడితే ప్రతి క్షణమూ పైసా తేడా లేకుండా సరిపోతుంది. చెడిపోయింది లెక్క కాదు, రెండు ఖాతాలే ఉన్నాయనుకున్న మన నమ్మకం. శక్తి క్షేత్రంలో ప్రవహిస్తుందని 1884లోనే పాయింటింగ్ చెప్పాడు. ఆ ద్రవ్యవేగానికి విద్యుదయస్కాంత ద్రవ్యవేగమనే పేరు స్థిరపరచింది 1903లో అబ్రహాం.

కాంతి నెడుతుందన్నది కాగితం మీది మాటేనా? మాస్కోలో లెబెదెవ్ గాలి తీసేసిన గాజు బుడ్డిలో పల్చటి రేకులు వేలాడదీసి, వాటి మీద వెలుగు పోసి, అవి కదలడం కొలిచి 1901 నాటికి తేల్చేశాడు. నడి ఎండాకాలంలో మన మెట్ట కృష్ణాలో మిట్టమధ్యాహ్నం నిటారుగా పడే ఎండ, ఎకరం మిరప కల్లం మీద మొత్తం కలిపి నెట్టే నెట్టుడు గ్రామున్నర లోపు. ఆ కల్లంలో ఎండుతున్న కాయల్లో ఒకటో రెండో ఎత్తితే ఆ బరువు వస్తుంది. తల మాడిపోతుందంటే ఒప్పుకుంటాను గానీ, ఎండ బరువుకు కుంగిపోయానంటే ఒప్పుకోను.

ఈ కథలో మన పాత కృష్ణా జిల్లా మనిషి ఉన్నాడు. నూజివీడు దగ్గర శోభనాచలపతి కొండ ఉన్న ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా బౌబజారు వీధిలోని సైన్సు అసోసియేషన్‌లో సి.వి. రామన్ దగ్గర చేరాడు. రామన్ ఎఫెక్టు వెలువడిన ఏడాది అది. క్షేత్రం దారిలో ద్రవ్యవేగాన్ని మోస్తుందని అప్పటికి తేలింది. మరి తిప్పే గుణాన్ని, అంటే కోణీయ ద్రవ్యవేగాన్ని కూడా మోస్తుందా? కాంతి కణమైన ఫోటాన్‌కు తనదైన భ్రమణం ఉందా? అణువుల మీద పడి చెదిరిన కాంతిలో ధ్రువణం, అంటే తరంగాల ఊపు ఒకే దిశలో ఉండే గుణం, ఎంత మిగిలిందో వర్ణపటంలో విడదీసి కొలిచి, ఉందని 1931లో రామన్, భగవంతం ప్రకటించారు. అప్పటికి భగవంతానికి ఇరవై రెండేళ్లు. సన్నటి క్వార్ట్జ్ పోగుకు వేలాడదీసిన బిళ్లను కాంతి తిప్పడం నేరుగా చూపించింది అయిదేళ్ల తర్వాత, 1936లో, అమెరికాలో బెత్. మెలితిరిగే బిళ్ల చూపించిన బెత్‌ను పుస్తకాలు బాగా గుర్తుపెట్టుకున్నాయి. మనవాళ్ల పని పాదసూచికలో మిగిలింది. అది న్యాయం కాదనే నా తీర్పు.

భగవంతం తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పాఠం చెప్పాడు, ఉస్మానియాకు వైస్‌ఛాన్సలర్ అయ్యాడు, 1957లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యాడు, ఆపైన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నాడు. ఆ పదవుల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. బౌబజారు చీకటి గదిలో చేసిన పనే దొరకదు.

తీగ దగ్గరికి తిరిగి వద్దాం, ఒక వింత మిగిలింది. చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న రాగి తీగలో ఒక ఆంపియర్ ఒకే వైపు పారుతుంటే, లోపల ఎలక్ట్రాన్లు సగటున గంటకు జానెడు దూరం జరుగుతాయి. నత్త నయం. మన ఇళ్ల కరెంటులోనైతే అదీ లేదు, ఉన్నచోటే అటూ ఇటూ ఊగుతాయి. ఇంత నెమ్మదిగా కదిలే రెండు ఎలక్ట్రాన్ల మధ్య అయస్కాంత బలం, అవి ఒకదాన్నొకటి తోసుకునే విద్యుద్బలం ముందు లెక్కలోకే రాదు. పాతిక సున్నాల సంఖ్యతో భాగించినంత చిన్నది. అయినా స్టార్టరు నొక్కగానే తీగలు ఒరుసుకుంటాయి. రాగిలో ఎలక్ట్రాన్ల రుణావేశాన్ని పరమాణు కేంద్రకాల ధనావేశం సరిగ్గా కొట్టేయడంతో ఆ పెద్ద తోపుడు పూర్తిగా మాయమై, ఈ చిన్నది ఒక్కటే మిగులుతుంది. లెక్కలేనన్ని కోట్ల ఎలక్ట్రాన్ల చిన్న బలాలు కలిస్తే మేస్త్రీ దారం బిగించక తప్పదు.

నందిగామ, జగ్గయ్యపేట కాలేజీల్లో ఫిజిక్సు చెప్పే లెక్చరర్లకు ఒక మనవి. వంటింటి అల్యూమినియం రేకులోంచి అర సెంటీమీటరు వెడల్పు పట్టీలు రెండు, మూరెడు పొడవున కత్తిరించండి. పక్కపక్కనే సెంటీమీటరు ఎడంలో కాస్త వదులుగా వేలాడదీయండి. రెండు టార్చి సెల్లుల కరెంటు రెంటిలో ఒకే వైపు పారేలా ఒక్క క్షణం తాకించండి, తర్వాత ఎదురెదురుగా పారేలా తాకించండి. ఎక్కువసేపు ఆనించకండి, పట్టీ వేడెక్కుతుంది. ఇంట్లో ప్లగ్గుతో మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. పట్టీలు దగ్గరకు జరిగినప్పుడు పిల్లల్ని, వీటిలో ఏది దేన్ని లాగిందని అడగండి. ఆ జవాబులు నాకు రాసి పంపితే వచ్చే భాగంలో వాటితోనే మొదలుపెడతాను.